గుండిగలో లంగరు

మా వదిన సెగుల్లాబాయి చేతిలో గరిటె ఉంటే ఊళ్ళో ఎవరికీ భయపడదు. గరిటె లేకపోయినా భయపడదు. కాకపోతే అప్పుడు నోరు కాస్త ఎక్కువ వాడుతుంది. నేను ఆవిడ ఆడపడుచుని. నలభై ఏళ్ళు ఆ నోటి కింద బతికినదాన్ని, నాకు తెలియదా! నా నోరేదో మంచిదని కాదు. మా ఇద్దరి మధ్యా పడి మా అన్న హయీం ఎలా నెగ్గుకొచ్చాడో ఆ దేవుడికే తెలియాలి. నెగ్గుకు రాలేకే తొందరగా పోయాడని మా మేనత్త అనేది. అది అబద్ధం. అన్న బస్సు డిపోలో మెకానిక్కు, విషజ్వరం వచ్చి పోయాడు. అప్పటికి వదినకు ముప్పై రెండేళ్ళు. పిల్లలు లేరు.

మా ఆచారం ప్రకారం ఏడు రోజులు నేల మీద కూర్చుంది. ఎనిమిదో రోజు పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని, తొమ్మిది గజాల చీర గోచీ పోసి బిగించి, నా దగ్గరకొచ్చింది.

"యామా, నాకు ఒక్కదానికి వండుకోవడం చేతకాదే. నాకు తెలిసిన తక్కువ కొలత ఇరవై మందికి."

ఆ ఇరవై మందిని వెతుక్కుంటూ వెళ్ళి మా సంఘం హాలు వంటింట్లో తేలింది. ఇక అక్కణ్ణుంచి ఎవరూ కదపలేదు.

మాది కొంకణంలో ఏటి ఒడ్డు ఊరు. మా తాతలు గానుగాడించి బతికారు. శనివారం గానుగ ఆపేసేవాళ్ళు కాబట్టి ఊరంతా మమ్మల్ని శనివారం తేలీలు, అంటే శనివారం గానుగవాళ్ళు అనేది. గానుగలు పోయాయి, పేరు మిగిలింది. ఆ రోజుల్లో ముప్పై ఇళ్ళ యూదులం. ప్రార్థన మందిరం పక్కన దిబ్బ మీద మేమే తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్నది ఆ హాలు. ఆదివారం పిల్లలకు హీబ్రూ అక్షరాలు నేర్పేవాళ్ళు. బుధవారం మధ్యాహ్నం ఆడవాళ్ళం చేరి మోషే కథ, యోసేపు కథ మరాఠీ కీర్తనల్లో పాడుకునేవాళ్ళం. పెళ్ళిళ్ళు, గోరింటాకు వేడుకలు అక్కడే. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించాక ఒంటరి ముసలివాళ్ళు పదకొండు మందికి భోజనం. ఆ భోజనం వదిన పెట్టిన ఏర్పాటే. ఎవరూ పెట్టమనలేదు, ఆవిడ ఎవర్నీ అడగలేదు.

హాలు గుమ్మం పైన ఒక చెక్క బోర్డు. రహమీం మాస్టరు స్వయంగా రంగు వేసి రాశాడు. ఆయన హాలు సంఘానికి పెద్ద. రిటైరైన బడిపంతులు, పెళ్ళాం పోయి ఆరేళ్ళయింది. 'మన ధర్మం నిలపడానికి, మన పాట నేర్పడానికి, వచ్చినవారిని ఆదరించడానికి ఈ ఇల్లు' అని ఆ బోర్డు మీద ఉంటుంది. వదిన దాన్ని చదవలేదు. నేను రెండో తరగతి దాకా వెళ్ళాను, ఆవిడ బడి గోడ దాకా వెళ్ళింది. అయినా ఎవరో ఒకసారి చదివి వినిపిస్తే మూడు మాటలూ అప్పచెప్పేది.

మా వంటిల్లు అందరి వంటిల్లులా ఉండదు. తల్లి పాలలో మేకపిల్లను ఉడికించకూడదని మా శాస్త్రం. అందుకని మాంసానికి తగిలిన గిన్నె పాలకు పనికిరాదు, పాలకు తగిలినది మాంసానికి పనికిరాదు. కూరలోకి చిక్కదనం కావాలంటే కొబ్బరిపాలే. హాలు వంటింట్లో ఎడమ గోడకు మాంసం సామాను, కుడి గోడకు పాల సామాను. అన్నీ పేణ్ ఊళ్ళో ఒకే కొట్లో కొన్నవి, అక్కచెల్లెళ్ళలా ఒకేలా ఉండేవి. తేడా తెలియడానికి మాంసం గిన్నెల చెవులకు ఎర్ర పీలిక, పాల గిన్నెల చెవులకు తెల్ల పీలిక కట్టి ఉంచేది వదిన. మాంసం వైపు ఒక మహా గుండిగ ఉండేది. రాగిది, లోపల కళాయి పూసింది, రెండు మేకల మాంసం ఒక్కసారే ఉడుకుతుంది. పాల వైపు పెద్దదంటే ఆరు శేర్ల గిన్నె. పాలు అంతకు మించి ఎందుకొస్తాయి, మేమేమన్నా గొల్లలమా?

పారూ సంగతి కూడా చెప్పాలి. దిబ్బ కింద ఏటి పక్కన ఉన్న బెస్తల పేట కోళీవాడలో చేపలమ్మే మనిషి. పొలుసూ రెక్కా ఉన్న చేపే మేం తినాలి. పారూ మా అరుగు మీద బుట్ట దించగానే రొయ్యలూ పీతలూ తనే పక్కకు నెట్టేసి, "ఇవి నాకు, ఇవి మీ దేవుడికి" అని విడదీసేది. మా పిల్లల కంటే ఆమెకే మా శాస్త్రం బాగా తెలుసు.

ఆ ఏడు ఆషాఢంలో మూడు రోజులు తెరిపి లేకుండా వాన కొట్టింది. ఆదివారం పొద్దున ఏరు పొంగి కిందికి దూకుతుంటే, ఎదురుగా సముద్రం పోటు మీదికి వచ్చింది. రెండూ కోళీవాడలో కలుసుకున్నాయి. గంటలో గుడిసెలు లేవు. జనం వలలూ పిల్లల్నీ కోళ్ళనీ నెత్తిన పెట్టుకుని దిబ్బ ఎక్కారు. దిబ్బ మీద ఉన్నవి రెండే, ప్రార్థన మందిరం, మా హాలు. రహమీం మాస్టరు కంటి డాక్టరుకు చూపించుకోవడానికి పేణ్ వెళ్ళి దారి తెగి అక్కడే చిక్కుకున్నాడు. హాలు తాళంచెవి వదిన బొడ్లోనే ఉండేది. ఎవర్ని అడగాలి అని నేనంటే ఆవిడ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తే.

"వాళ్ళు తడుస్తుంటే నువ్వు మీటింగు పెడతావా?"

తలుపులు బార్లా తీసింది. నూట నలభై మంది. కోళ్ళు వేరే.

పెద్దవాళ్ళకు గంజి కాచాం. పసిపిల్లలు గంజికి ఆగరు కదా, హాలు పైకప్పు ఎగిరిపోయేలా ఏడుస్తున్నారు. అప్పుడే పాల వ్యాను దిబ్బ కింద వచ్చి ఆగింది. వంతెన మునిగిపోయిందట, పేణ్ వెళ్ళడానికి లేదు. డ్రైవరు తడిసి ముద్దయి పైకొచ్చాడు.

"అమ్మా, నాలుగు క్యాన్లున్నాయి. ఇంకో గంటలో విరిగిపోతాయి. ఏట్లో పోసేకన్నా పిల్లలకు పోయండి. కాచడం మాత్రం వెంటనే కాచాలి."

వదిన కుడి గోడ వైపు చూసింది. ఆరు శేర్ల గిన్నె. ఎడమ గోడ వైపు చూసింది. మహా గుండిగ. శుక్రవారమే దాంట్లో ఒక బారసాల విందుకు మాంసం వండాం, ఇంకా లవంగం వాసన వస్తోంది. చేతులు చీరకు తుడుచుకుంది. తరువాత గుండిగ చెవి పట్టి పొయ్యి మీదికి లాగింది.

పొయ్యి ఊదుతున్న పారూ లేచి అడ్డం నిలబడింది.

"బాయీ, అది మీ మాంసం గుండిగ కదా! దాంట్లో పాలు పోస్తావా? మతి పోయిందా నీకు? ఆ పాపం నా పిల్లల మెడకు చుట్టకమ్మా, నాకొద్దు."

"నీ మనవడు ఏడుస్తున్నాడు, వినపడట్లా?"

"వినపడుతోంది."

"అయితే పాపం సంగతి నేను చూసుకుంటా, నువ్వు మంట సంగతి చూసుకో."

పాలు కాగాయి. ముప్పై ఏడు మంది పిల్లలు తాగి అక్కడికక్కడే నిద్రపోయారు. ఏడుపు ఆగాక హాల్లో వాన చప్పుడు మళ్ళీ వినిపించింది.

ఆ తరువాత జరిగింది నా పని. రెండు రోజుల పాటు పొయ్యి ఆరలేదు. గంజి, పప్పు, మళ్ళీ ఎవరో తెచ్చిన పాలు. వేడి గిన్నెలు దించడానికి మసిగుడ్డ ఒక్కటి పొడిగా లేదు. చేతులు కాలుతున్నాయి. నేను గిన్నెల చెవులకున్న పీలికలు విప్పి, వాటితో పట్టుకుని దించాను. ఎర్రవీ విప్పాను, తెల్లవీ విప్పాను. విప్పినవి మసై తడిసి ముద్దయ్యాక అవతల పారేశాను. తరువాత ఇరవై మంది ఆడవాళ్ళు ఒకే తొట్టి దగ్గర కూర్చుని అన్నీ కలిపి తోమారు. మంగళవారం పొద్దున చూస్తే గిన్నెలన్నీ ఒకే వరసలో తళతళా మెరుస్తున్నాయి, ఏది ఏ గోడదో దేవుడికి కూడా తెలియదు. నూట ఇరవై చిల్లర సామాను.

ఆ మధ్యాహ్నమే నీళ్ళు తీశాయి. రహమీం మాస్టరు మోకాలి దాకా బురదతో వచ్చాడు. గుమ్మానికి బిగించిన మెజూజాను, మా దేవుడి మాటలు రాసి పెట్టిన ఆ చిన్న గొట్టాన్ని, తాకి వేళ్ళు ముద్దు పెట్టుకుని లోపలికొచ్చి, పడుకున్న జనాన్ని చూశాడు. వాళ్ళనేమీ అనలేదు, అది చెప్పుకోవాలి. నేరుగా వంటింట్లోకి వెళ్ళి గోడలు చూశాడు.

"పీలికలేవీ?"

ఒక గిన్నె ఎత్తి చెవి తడిమి చూశాడు.

"సెగుల్లాబాయీ, ఏ గిన్నె ఏదో చెప్పగలవా?"

"చెప్పలేను."

"గుండిగలో పాలు కాచావని పేణ్ లోనే విన్నాను. ఆకలికి కాచావు, సరే. కానీ వంటిల్లు మొత్తం కలిపేస్తావా? ఎవరు చేశారీ పని?"

నోరున్నదాన్నే నేను. ఆ పూట ఆ నోరు ఎక్కడ పారేసుకున్నానో తెలియదు. వదిన నా చేతుల మీద కాలిన బొబ్బలు చూసింది. చూసి మాస్టరు వైపు తిరిగింది.

"వంటిల్లు నాది. కలిసినా నాదే, కలవకపోయినా నాదే."

మాస్టరు జేబులోంచి కొత్త తాళం తీసి వంటింటికి వేశాడు. పేణ్ లోనే కొనుక్కొచ్చాడన్నమాట! ఆదివారం సంఘం కూర్చుంటుంది, సామానంతా పాత సామాను కింద అమ్మేసి కొత్తవి కొనాలి, ఇకమీదట హాలూ వంటిల్లూ మనవాళ్ళకు తప్ప బయటివాళ్ళెవరికీ తెరవకూడదని తీర్మానం రాయాలి అన్నాడు.

"మాస్టరుగారూ, ఆ బోర్డు మీరే రాశారు కదా," అంది వదిన. "మూడో మాట మీద తాళం వేశారు."

"మొదటి మాట మీద నువ్వే వేశావమ్మా. నేను చేసిందల్లా తలుపుకు వేయడమే." ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ముప్పై ఇళ్ళం. మన పద్ధతి మనమే మరిచిపోతే ఉప్పురాయి ఏట్లో వేసినట్టు కరిగిపోతాం. అది నీకు అర్థం కాదు."

వదినకు అర్థమైంది. తనకేం పోతుందో కూడా అర్థమైంది. ఆ తీర్మానం నెగ్గితే శుక్రవారం దీపాల పక్కన, పెళ్ళి పందిట్లో, వరదలో, ఎప్పుడూ ఎవరొచ్చినా 'నువ్వు ఎవరి మనిషివి' అని ముందు అడగాల్సి వస్తుంది. అలా అడిగి వడ్డించడం ఆవిడ వల్ల కాదు. ఆ హాలు పోతే ఆవిడకు మిగిలేది ఒక్క మనిషికి వండే పొయ్యి.

బుధవారం మా మా ఇళ్ళలో వండి కోళీవాళ్ళకు మోసుకొచ్చాం. వదిన మోయలేదు. గొడుగు వేసుకుని వంటింటి మెట్ల మీద కూర్చుంది. మధ్యాహ్నం ప్రార్థనకు వచ్చిన మాస్టరు ఆవిడను దాటి వెళ్ళబోయాడు.

"ఎందుకమ్మా ఇక్కడ కూర్చున్నావు?"

"తాళం తీస్తారని."

"ఆదివారం దాకా తియ్యను."

"మరి శుక్రవారం మీరేం తింటారు, సుద్దముక్కలా?"

మాస్టరు ఆగిపోయాడు. ఆ పదకొండు మంది ముసలివాళ్ళలో ఆయనా ఒకడు. ఆరేళ్ళుగా ప్రతి శుక్రవారం కొబ్బరిపాల కూర రెండోసారి వడ్డించుకునేది కూడా ఆయనే.

"ఇంట్లో ఏదో చేసుకుంటాను."

"టీ కాచుకుంటే గిన్నె మాడ్చిన మనిషి మీరు. వీధంతా వాసన. సరే, మీ సంగతి వదిలేద్దాం. మిగతా పదిమందికి ఎవరు చెబుతారు? మీరే ఇంటింటికీ వెళ్ళి చెప్పండి, ఈ వారం దేవుడు సెలవు పెట్టాడని."

అప్పుడే మందిరంలోంచి బన్యామీన్ హజ్జాన్ వచ్చాడు. హజ్జాన్ అంటే మా ప్రార్థన నడిపించే పెద్ద. నెమ్మదస్తుడు, ఏ మాట చెప్పాలన్నా ముందు గడ్డం దువ్వుకుంటాడు.

"హజ్జాన్ గారూ, రాగీ ఇత్తడీ ఒకసారి పాడైతే ఇక బాగుపడవా?" అని అడిగింది వదిన.

ఆయన గడ్డం దువ్వుకున్నాడు. "మట్టికుండ బాగుపడదు, పగలగొట్టాల్సిందే. లోహం బాగుపడుతుంది. ఒక పగలూ ఒక రాత్రీ వాడకుండా వదిలేసి, తరువాత మరిగే నీళ్ళలో ముంచి తీస్తే, పాత రుచిని ఎలా తాగిందో అలాగే కక్కేస్తుంది. ఆ పైన దాన్ని మాంసానికి పెట్టుకున్నా సరే, పాలకు పెట్టుకున్నా సరే, కొత్తదే."

"మరి గుండిగ? దాన్ని ముంచడానికి అంతకన్నా పెద్దది ఎక్కడుంది?"

"దానికీ దారుంది. అంచు దాకా నీళ్ళు పోసి మరిగించాలి. సలసలా మరిగేటప్పుడు ఎర్రగా కాలిన రాయో ఇనుమో లోపల వెయ్యాలి. నీళ్ళు పొర్లి చుట్టూ అంచు మీదుగా కారితే అంచు కూడా శుద్ధి. కానీ అమ్మా, నూట ఇరవై గిన్నెలు! ఈ వానలో, ఈ తడి కట్టెలతో!"

"కట్టెల సంగతి మీకెందుకు? మీరు పుస్తకం పట్టుకుని నిలబడండి చాలు." వదిన మాస్టరు వైపు చెయ్యి చాపింది. "నిన్న మధ్యాహ్నం తాళం వేసింది మీరే. రేపు పొద్దుటికి పగలూ రాత్రీ గడిచిపోతాయి. శాస్త్రం కోసం మీరు నాకు సాయమే చేశారు. ఇప్పుడు తాళంచెవి ఇవ్వండి."

మాస్టరు హజ్జాన్ ముఖం చూశాడు. హజ్జాన్ గడ్డం దువ్వుకున్నాడు.

"శుద్ధికి ఇస్తున్నాను. ఆదివారం తీర్మానం ఆదివారమే," అన్నాడు మాస్టరు.

గురువారం పొద్దున వాన కాస్త తగ్గింది. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి పెట్టాం. మట్టి చట్లు ఏడు ఉండేవి, చేపల పులుసుకు వాడేవి. వదిన వాటిని ఒక్కొక్కటే నేలకేసి కొట్టింది. ఆరోదాని దగ్గర ఆగి, "ఇది మా అమ్మ పుట్టింటిది," అని మరీ గట్టిగా కొట్టింది. చెక్క గరిటెలు పొయ్యిలో వేసింది. అంత వరకూ బాగానే ఉంది. కట్టెలు మాత్రం అంటుకోలేదు. ఊళ్ళో ఒక్క పుల్ల పొడిది లేదు. నేను ఊది ఊది కళ్ళు బైర్లు కమ్మి కూర్చున్నాను. నీళ్ళు వేడెక్కకుండా తొమ్మిదయింది, పదయింది.

పారూ వచ్చి పొగ చూసి నవ్వింది.

"దోమల్ని తోలుతున్నావా యామాబాయీ?"

"నువ్వు రా, నువ్వు ఊది చూడు, నీ పళ్ళు కూడా రాలిపోతాయి."

ఆమె ఇంకేం అనకుండా కిందికి వెళ్ళింది. అరగంటకి తన తమ్ముణ్ణీ ఇంకో నలుగురినీ వెంటేసుకుని వచ్చింది. భుజాల మీద పడవ చెక్కలు. వరదలో వాళ్ళ పడవ రెండు ముక్కలైంది. ఏళ్ళ తరబడి చేపనూనె రాసి రాసి ఆ చెక్కలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వానలో నానినా చేపనూనె చెక్క అగ్గిపుల్ల చూపిస్తే చాలు.

వదిన ఆ చెక్కలు చూసి వెనక్కి తగ్గింది. "పారూ, అది మీ తమ్ముడి బతుకే. బాగుచేసుకోవచ్చు కదా."

"రెండు ముక్కలైన పడవనా? నీ గిన్నెలైతే మరిగిస్తే కొత్తవవుతాయి, పడవ అవ్వదు కదమ్మా," అన్నాడు ఆ తమ్ముడు. "మా పిల్లల మూలంగా పాడైన గిన్నెలు. పెట్టు పొయ్యిలో."

మంట లేచింది చూడండి, పెరడంతా వేడి. వాసన సంగతి అడక్కండి, నాలుగు రోజులు నా జుట్టు చేపల బజారులా ఉంది. గుండిగలో నీళ్ళు అంచు దాకా వచ్చి కుతకుతలాడాయి. ఇక రాయి వెయ్యాలి. ఏటి ఒడ్డున తెచ్చిన గుండ్రాయి మంటలో పెడితే ఢామ్మని పేలి ముక్కలైంది. హజ్జాన్ పుస్తకం వదిలేసి మందిరం గోడ వెనక్కి పరుగెత్తాడు. ఇంకోటి పెడితే అదీ పేలింది.

"తడి రాయి పేలకుండా ఉంటుందా? మీకు ఏరు తెలీదు," అంది పారూ. కొంగు నడుముకు చుట్టి, పడవ చెక్కలతో పాటు తెచ్చిన ఇనుప లంగరును ఈడ్చుకొచ్చి మంటలోకి తోసింది.

లంగరు ఎర్రబడింది. నాలుగు కొక్కేలూ నాలుగు నిప్పుకణికలయ్యాయి. హజ్జాన్ గోడ పక్క నుంచి తొంగిచూశాడు.

"లంగరు... అది..." అన్నాడు.

"ఏం, ఇనుముకు కూడా కులముందా హజ్జాన్ గారూ?" అంది వదిన.

ఆయన పుస్తకం తిరగేశాడు. ఈసారి గడ్డం దువ్వుకోవడం కూడా మరిచిపోయాడు. "లంగరు వద్దని ఎక్కడా రాయలేదు. వెయ్యి."

వదిన ఒక వైపు, పారూ ఒక వైపు, కర్ర మీద వేలాడదీసి ఎత్తారు. నీళ్ళలో దించగానే గుండిగ అరిచింది. నిజం, మనిషిలా అరిచింది. ఆవిరి లేచి ఎవరికీ ఎవరూ కనపడలేదు. నీళ్ళు చుట్టూ అంచు మీదుగా పొంగి పొయ్యి మీద పడి సగం మంట ఆరిపోయింది. ఆవిరిలోంచి వదిన గొంతు ఒక్కటే వినపడింది. "యామా, నిలబడి చూస్తావేంటే! పళ్ళెం ఇటివ్వు!"

ఆ సగం మంటను మళ్ళీ రాజేసి ఒక్కొక్క గిన్నే ముంచాం. ముంచి, తీసి, చన్నీళ్ళలో కడిగి, బోర్లించి. రహమీం మాస్టరు మందిరం అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ముప్పై గిన్నెలు అయ్యాక లేచి వచ్చి, చొక్కా చేతులు మడిచి, బోర్లించిన గిన్నెల్ని లోపలికి మోయడం మొదలెట్టాడు. వదిన ఏమీ అనలేదు. అలా అనకుండా ఉండటానికి ఆవిడ ఎంత కష్టపడిందో నాకు తెలుసు.

శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించాం. ద్రాక్షసారాకు బదులు ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్ళతో హజ్జాన్ దీవెన చెప్పాడు. పదకొండు మందీ తిన్నారు. మాస్టరు రెండోసారి వడ్డించుకోలేదు. మొహమాటం. వదినే వెళ్ళి గరిటెడు పళ్ళెంలో పడేసింది.

ఆదివారం వచ్చింది. సంఘం హాల్లో కూర్చుంది. ఓటు సంఘంలోని తొమ్మిది మంది మగవాళ్ళదే, ఆడవాళ్ళం గోడ వెంట నిలబడ్డాం. కోళీవాళ్ళు మాత్రం లోపల లేరు. వాళ్ళ మీదే తీర్మానమని ఎవరో చెప్పారు. పొద్దున్నే మూటలు కట్టుకుని పెరట్లోకి వెళ్ళి నిలబడ్డారు.

మాస్టరు కాగితం తీసి చదివాడు. గిన్నెలు శుద్ధి అయ్యాయి కనుక అమ్మాల్సిన పని లేదు, ఇకపై హాలు మన కుటుంబాలకే. అంతే, రెండే ముక్కలు. చదివి కళ్ళజోడు తీశాడు. "ఎవరైనా మాట్లాడతారా?"

నాకు ఆ క్షణంలో పోయిన నోరు దొరికింది.

"పీలికలు విప్పింది నేను," అన్నాను. "ఎర్రవీ నేనే, తెల్లవీ నేనే. చేతులు కాలి విప్పాను. మా వదిన విప్పలేదు, కోళీవాళ్ళూ విప్పలేదు. వాళ్ళలో ఒక్కరికీ మన సామాను కలపాలని లేదు. పారూ అయితే పొయ్యికి అడ్డం నిలబడింది. కలిపింది ఈ తేలీల ఇంటి ఆడపిల్ల. ఇప్పుడు ఎవరికి తలుపు మూస్తారు? నాకా?"

ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టరు నన్ను ఎగాదిగా చూశాడు. "ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను. మీకు కాదు, ఆవిడకి."

ఈసారి హాలంతా నవ్వింది. వదిన నవ్వలేదు. గోడ దగ్గర నుంచి ముందుకొచ్చింది.

"నాకు మంగళవారమే తెలుసు. బొబ్బలు దాచుకునేంత తెలివి దానికెక్కడిది? మాస్టరుగారూ, నాకు చదువు రాదు, వంట వచ్చు. వంట సంగతే చెబుతా. ఆ రోజు తప్పు తలుపుది కాదు, పాలగిన్నెది. అది చిన్నదైంది. మనకు ఆరు శేర్లు చాలనుకున్నాం, ఎందుకంటే మనల్ని మాత్రమే లెక్కేసుకున్నాం. పేణ్ లో పెద్ద పాలగుండిగ చేయిద్దాం. చెవులకు పీలికలొద్దు, ఉలితో గాట్లు పెట్టిద్దాం. మా ఆడపడుచు విప్పలేని గుర్తు."

"కరిగిపోతాం సెగుల్లాబాయీ," అన్నాడు మాస్టరు మెల్లగా. "నా భయం అది. గిన్నెల గురించి కాదు."

"డబ్బాలో మూత బిగించిన ఉప్పు కూడా వానాకాలం నీరు కారుతుంది మాస్టరుగారూ. మీకు వంట రాదు కాబట్టి తెలీదు."

ఆయన బల్ల మీద చేతులు పెట్టి కూర్చున్నాడు.

"మళ్ళీ వరదొచ్చి, మళ్ళీ కలిసిపోతే?"

"మళ్ళీ మరిగిస్తాను."

"ఎన్నిసార్లు?"

"ఏరు ఎన్నిసార్లు పొంగితే అన్నిసార్లు."

మాస్టరు తలెత్తి, తీర్మానానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నాడు. ఆరు చేతులు లేచాయి. ఆయన చేతులు రెండూ బల్ల మీదే ఉన్నాయి. అది చూసి ఆరింటిలో రెండు దిగిపోయాయి, ఒకటి తల గోక్కుంది. హజ్జాన్ లెక్కపెట్టి, "వీగిపోయింది," అన్నాడు. మాస్టరు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆయన ఓడిపోయినట్టు నాకనిపించలేదు. ఆ రాత్రి చాలా రోజులకు నిద్రపోయి ఉంటాడు.

వదిన అప్పటికే పెరట్లో ఉంది. మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని జనం దారి పట్టారు. ముందు నడుస్తున్నది పారూ.

"ఎక్కడికే?"

"మా సంగతి మేం చూసుకుంటాం బాయీ. మీలో మీకు గొడవెందుకు మా గురించి?"

"గొడవ అయిపోయింది. దించు మూట."

"ఇప్పుడు దించితే మళ్ళీ ఎప్పుడు ఎత్తమంటావు?"

"గుడిసె పైకప్పు వేసుకున్నాక ఎత్తు. దానికి ముందు ఎత్తితే నీ దగ్గర చేపలు కొనడం మానేస్తా. నూట నలభై మందికి బియ్యం కడిగి పెట్టి వచ్చాను, ఎవరు తింటారు అదంతా, మా ఆడపడుచా?"

పారూ వెనక్కి తిరిగి తమ్ముడి వైపు చూసింది, తమ్ముడు పిల్లల వైపు చూశాడు. పిల్లలు ఎవరి వైపూ చూడలేదు. అప్పటికే వంటింటి గుమ్మం దగ్గర వరసలో కూర్చున్నారు. వదిన కొంగు దోపుకుని లోపలికి వెళ్తూ, "ఎడమ గోడ మాంసం గిన్నెల మీద ఎవరూ చెయ్యి పెట్టొద్దు!" అని అరిచింది.